పదిహేను లక్షల కోటు

ఉన్నత విద్యాశాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు దేశంలోని తండ్రులందరి బెంగ తీర్చేశారు. పదిన్నరకే తీర్చాల్సింది గానీ మైకు పనిచేయలేదు.

"ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు కట్టే తండ్రి చీకట్లో రాయి విసురుతున్నాడు. ఇప్పుడు నేను లైటు వేస్తున్నాను," అన్నారాయన. "ఫీజు విత్తనం. ఉద్యోగం పంట. ఎంత చల్లితే ఎంత పండిందో ఇకమీదట ప్రతి యూనివర్సిటీ జనం ముందు స్టేజీ ఎక్కి నిరూపించాలి. దీనికి విద్యా ఫలసాయ మహోత్సవం అని పేరు పెట్టాం. పేరు ఒక్కదాని మీదే కమిటీ మూడు నెలలు శ్రమించింది."

మర్నాడు ఈ వార్త చదివి నిజంగా ఊపిరి పీల్చుకున్నవాడు టేపు మాస్టారు. పాత పేపరు మీద కోటు వెనకభాగం గీసి కత్తిరించబోతూ, అది పాత పేపరు కాదని, ఆ రోజుదేనని గమనించి చదివాడు. రోడ్డు పక్క ఒంటిగదిలో ముప్ఫై ఏళ్లుగా కోట్లు కుడుతున్నాడాయన. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు గనక వీధివాళ్లు పెట్టిన పేరది.

కూతురికి ఊరి చివర గాజు బిల్డింగు యూనివర్సిటీలో సీటొచ్చింది. నాలుగేళ్లకు పన్నెండు లక్షలు. మాస్టారి గది ఖరీదు కూడా సరిగ్గా పన్నెండు లక్షలే. ఇది దైవసంకల్పమని పక్క జిరాక్సు షాపాయన అంటున్నాడు. అడ్వాన్సు జేబులో పెట్టుకుని రోజూ వచ్చి కూర్చుని, ఏ గోడ పగలగొట్టాలో చూసుకుంటున్నాడు కూడా.

"ప్రభుత్వ కాలేజీలోనూ సీటొచ్చిందిగా. ఏడాదికి ఎనిమిది వేలు. అది మాత్రం చదువు కాదా?" అంది భార్య.

"రెండూ ఒకటే అయితే వాళ్లు పన్నెండు లక్షలు ఎందుకు తీసుకుంటారే? వాళ్లకేమన్నా పిచ్చా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల ఆర్థికవేత్త ఇంకా పుట్టలేదు.

"గది అమ్మేస్తే నువ్వెక్కడ కుడతావు నాన్నా?" అంది కూతురు.

"నువ్వు సంపాదిస్తుంటే నాకు కుట్టే ఖర్మేంటమ్మా!" అన్నాడు మాస్టారు. గది పోతుందంటే ఆయనకు భయంగానే ఉంది. పిల్ల చదువు తన వల్ల చెడుతుందేమోనని అంతకంటే భయంగా ఉంది. రెండు కాలేజీల్లోనూ చేరడానికి గడువు మహోత్సవం అయిన మూడో రోజు. ఆ ఉత్సవమేదో చూసి తేల్చుకుందాం అన్నాడు.

అదృష్టం బావుంటే ఆర్డర్లు నడిచొస్తాయి. మర్నాడే యూనివర్సిటీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు కారు దిగి, "మాస్టారూ, యాభై కోట్లు కావాలి. మా పాత విద్యార్థులు యాభై మంది స్టేజీ ఎక్కుతున్నారు. అందరూ సక్సెస్ అయినవాళ్లే. చూడగానే తెలియాలి," అన్నాడు.

"సక్సెస్ అయినవాళ్లకు కోట్లుండవా సార్?"

"యూనిఫారంగా ఉండాలి కదా."

మాస్టారు మురిసిపోయాడు. యాభై మందిని యూనివర్సిటీ వాళ్లే గుమ్మంలోకి పంపిస్తున్నారు. పైగా ఆయనకొక పద్ధతుంది. ఎదుటివాడి పనేంటో అడగనిదే ఒంటి మీద టేపు పెట్టడు. కూర్చుని పనిచేసేవాడికి పొట్ట దగ్గర లూజు వదలాలి, నిలబడేవాడికి వీపు దగ్గర, చేతులు పైకెత్తేవాడికి చంకలో. గోడకు సున్నం వేసేవాడికీ గుమాస్తాకీ ఒకే కటింగు కుట్టేవాడు దర్జీ కాదని ఆయన సిద్ధాంతం.

మొదటి కుర్రాడు, "డేటా అనలిస్టునండి," అన్నాడు. ఎడమ భుజం కుడిదానికంటే అంగుళం కిందికి ఉంది. చొక్కా మీద పట్టీ ఒరుసుకున్న గుర్తుంది.

"ఏం బరువు మోస్తావు నాయనా?"

"డేటానండి," అన్నాడు. కొలత అవుతుండగానే జేబులో ఫోన్ మోగితే, "ఆ మేడమ్, గేటు దగ్గరే ఉన్నా, పిజ్జా చల్లారదు," అని పరుగెత్తాడు. డేటా వేడిగా ఉన్నప్పుడే అందించాలి కాబోలు అనుకుని మాస్టారు ఎడమ భుజానికి దూది ఎక్కువ రాసుకున్నాడు.

రెండోవాడు ఆపరేషన్స్ మేనేజరు. పాదాలు వాచి ఉన్నాయి. రోజుకి పన్నెండు గంటలు ఒక షాపింగ్ మాల్ తలుపు దగ్గర నిలబడి ఆ తలుపు ఆపరేషన్ చూస్తాడట. మూడో అతను నమస్కారం అనగానే మాస్టారు ఆగిపోయాడు.

"మీ గొంతు ఎక్కడో విన్నట్టుందే?"

"మీ అమ్మాయి సీటు గురించి తొమ్మిదిసార్లు ఫోన్ చేశానండి," అన్నాడతను సిగ్గుపడుతూ. "చదువైపోయాక యూనివర్సిటీ వాళ్లే ఉద్యోగమిచ్చారు. మీలాంటి తండ్రులకు ఫోన్లు చేయడం. నెలకి ఆరుగురిని చేర్పిస్తే జీతం, ఏడో మనిషికి కమీషను."

అదే గదిలో కూర్చుని అవే ఫోన్లు చేసేవాళ్లు ఆ యాభైలో పంతొమ్మిది మంది తేలారు. కన్నబిడ్డల్ని ఇంతగా దగ్గర పెట్టుకునే సంస్థ మరొకటి ఉండదు. మాస్టారు రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. అయినా మంత్రిగారు స్వయంగా అడుగుతారు కదా, నిజం అక్కడే తేలుతుందిలే అనుకున్నాడు.

మహోత్సవం రోజున తండ్రీకూతుళ్లు కోట్లు పట్టుకుని వెళ్లారు. స్టేజీ వెనక నలభై తొమ్మిది మంది కోట్లలోకి దూరారు. యాభయ్యో అమ్మాయి మాత్రం, తను పనిచేసే బట్టల దుకాణం యజమాని సెలవివ్వలేదని కబురు పంపింది. ప్లేస్‌మెంట్ ఆఫీసరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మంత్రిగారు యాభై అని ప్రకటించేశారు! మాస్టారూ, ఆ కోటు మీ అమ్మాయికి పడుతుందేమో చూడండి."

పట్టింది. కుట్టినట్టే పట్టింది.

"ఐదు నిమిషాలు నిలబడమ్మా, అంతే. సెక్యూరిటీ పాసుకి నీ పేరు, ఆధార్ కార్డు నంబరు ఇవ్వు." ఆయన చేతిలో పెట్టిన చీటీ మీద 'ఏడాది జీతం పదిహేను లక్షలు. ఫీజు పది నెలల్లో తిరిగొచ్చింది' అని ఉంది.

"నాన్నా, నాకు భయమేస్తోంది."

"నిలబడటమేగా," అన్నాడు మాస్టారు. కోట్ల బిల్లు డబ్బు ఇంకా రాలేదు మరి.

మంత్రిగారు వరసగా చీటీలు వింటూ వచ్చి, చివరి పిల్ల దగ్గర హఠాత్తుగా ఆప్యాయత పొంగి సొంతంగా ప్రశ్న వేశారు. "నువ్వు ఫీజు మొత్తం ఎంత కట్టావమ్మా?"

చీటీలో అది లేదు. పిల్ల తడబడి నిజం చెప్పేసింది. "ఇంకా ఏమీ కట్టలేదండి."

మంత్రిగారు మైకు లాక్కున్నారు.

"విన్నారా! ఒక్క రూపాయి చల్లకుండా పదిహేను లక్షల పంట! ప్రపంచంలో ఏ వ్యవసాయమైనా ఇంత దిగుబడి ఇచ్చిందా?"

చప్పట్లు నాలుగు నిమిషాలు మోగాయి. మర్నాడు మొదటి పేజీలో కూతురి ఫొటో వచ్చింది. కాలరు ఎక్కడా ముడత పడలేదు.

మాస్టారు జిరాక్సు ఆయనకి నమస్కారం పెట్టి గది అమ్మడం లేదని చెప్పేశాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఎనిమిది వేలు పట్టుకుని కూతురితో ప్రభుత్వ కాలేజీకి వెళ్లాడు. గుమాస్తా కార్డు నంబరు కొట్టి తలెత్తాడు.

"ఈ అమ్మాయి డిగ్రీ అయిపోయిందిగా?"

"లేదండి, ఇప్పుడే చేరుతోంది."

"శాఖ కంప్యూటర్లో మహోత్సవం పట్టభద్రుల జాబితాలో యాభయ్యో పేరు. ఫస్టియరు సీటివ్వడం కుదరదు."

మాస్టారు గాజు బిల్డింగుకి పరుగెత్తాడు. "పేరు తీయించండి సార్, మీకు పుణ్యముంటుంది."

"తీస్తే నలభై తొమ్మిది అవుతారు. మంత్రిగారు అబద్ధం చెప్పారంటారా?" అన్నాడు ప్లేస్‌మెంట్ ఆఫీసరు.

"పోనీ మీరే చేర్చుకోండి. గది అమ్మి కడతాను."

"చదువు పూర్తయిన పిల్లని మళ్లీ మొదటి ఏడాదిలో ఎలా కూర్చోబెడతాం మాస్టారూ? మన పరువేం కావాలి?" అని ఆయన సొరుగు తెరిచాడు. "పట్టా మాత్రం సిద్ధంగా ఉంది. రుసుము రెండు వేల రెండొందలు. మీ కోట్ల బిల్లులో కోసుకుంటాను."

గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. తండ్రీకూతుళ్లు ఆ పట్టా పట్టుకుని ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాలు ముందు నిలబడ్డారు. పట్టా దొంగదని, పిల్ల ఇంకా ఏమీ చదవలేదని, ఎక్కడైనా చదువుకోనివ్వమని మాస్టారు ఏడ్చేశాడు. ప్రిన్సిపాలు పట్టా వెలుతురుకి పెట్టి ముద్ర చూశాడు.

"ముద్ర అసలుదే," అన్నాడు. "ఫస్టియరుకి పాఠం చెప్పే మనిషి లేక రెండేళ్లయింది. సోమవారం నుంచి రాగలవా అమ్మా?"

సోమవారం ఆమె క్లాసులోకి వెళ్లగానే అరవై మంది లేచి నిలబడ్డారు. నోట్సు రాసుకోవడానికి కొనుక్కున్న కొత్త పుస్తకం బల్ల మీద పెట్టి, వాళ్లను కూర్చోమంది.