మధుసూదన్ మొక్కని మొక్కు

ఆదివారం కోదాడ పోదామని భార్య గీత అన్నప్పటి నుంచి మధుసూదన్‌కు అన్నం సయించడం లేదు. కోదాడలో గీత అక్క ఆండాలు, ఆమె భర్త సంతోష్ కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. కట్టుకోనీ, ఎవరొద్దన్నారు? కానీ ఆ సంతోష్ పునాది నుంచి స్లాబు దాకా ఒక్క ఇటుకను కూడా వదలకుండా ఫోన్లో వీడియో తీసి పెట్టాడు. భోజనాలు కాగానే తోడల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని అన్నీ చూపిస్తాడు. పోయినసారి సెప్టిక్ ట్యాంకు వీడియో రెండుసార్లు చూపించాడు, మొదటిసారి మధుసూదన్ కునికాడని.

మధుసూదన్‌ది వేములపల్లి, కొలువు మిర్యాలగూడలో ఒక ఆఫీసులో గుమస్తా. వారమంతా జనం కేకలు విన్న మనిషికి ఆదివారం కావలసింది ఒక్కటే, నల్లగుట్ట మీది మడుగు. రాళ్ళ నడుమ గంటసేపు ఎక్కితే చాలు, నాలుగు వైపులా బండలు, నడుమ నల్లటి నీళ్ళు, ఒడ్డున మైసమ్మ రాయి. మనిషి జాడ ఉండదు, ఫోనుకు సిగ్నలు ఉండదు. చిన్నప్పుడు గొర్రెల వెంట పోయి ఆ ఒడ్డునే నిద్రపోయేవాడు. ఇప్పుడూ అదే చేయాలని అతని ఆశ.

నిద్రపోవడానికి పోతానంటే గీత పంపుతుందా? అందుకే శుక్రవారం మొహం వేలాడేసుకొని, పోయిన ఏడు జ్వరం వచ్చినప్పుడు మైసమ్మకు మొక్కుకున్నాననీ, ఈ ఆదివారం తనొక్కడే గుట్టెక్కాలనీ చెప్పాడు.

"ఏం మొక్కినవ్?" అంది గీత చిక్కుడుకాయలు తుంచుతూ.

"కొబ్బరికాయ."

"కొబ్బరికాయకు ఆదివారమే ఎందుకు? రేపు పొద్దుగాల కొట్టిరా, ఎల్లుండి కోదాడ పోదాం."

మధుసూదన్ నాలుక తడబడింది. కాయ కాదు, కోడి అన్నాడు. కోడి అయితే దారిలోనే కోసుకొని పోవచ్చు, ఆలస్యమేమీ కాదంది గీత. ఇక లాభం లేదని పెద్ద మాటే అనేశాడు.

"కోడి కాదే. యాటను మొక్కిన."

గొర్రెపోతును బలిచ్చేంత పెద్ద మొక్కంటే గీత జడుసుకుంటుందనీ, ఈ ఏడాదికి అమ్మను గడువు అడిగి వస్తానంటే సరే పో అంటుందనీ అతని లెక్క. గీత చిక్కుడుకాయలు పక్కన పెట్టి, చెంపలు వేసుకొని, ఫోను తీసింది.

"అక్కా, మీ దావత్ ఆపుకో. మా ఆయనకు మైసమ్మ మొక్కున్నది. మీరే రాండ్రి, అందరం గుట్టకు పోదాం."

పాపం, మధుసూదన్‌కు అప్పుడు కూడా అసలు ముప్పు తెలియలేదు. అది తెలిసింది రాత్రి తండ్రి బీరన్న దొడ్లోంచి వచ్చాక. యాటను ఎక్కడైనా కొనుక్కొస్తానని కొడుకు నసిగితే ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడు.

"కురుమోళ్ళ ఇంట్ల మొక్కుకు కొన్న జీవమా? దొడ్డి నిండ గొర్లుండంగ? సుట్టాలు నవ్వరా? మొక్కినోడు సాకిన జీవమే పోవాలె. నీ కలెక్టరే పోతది."

కలెక్టరంటే మధుసూదన్ పెంచుకుంటున్న పొట్టేలు. తెల్లవారగానే అతను వంగి వంగి దాని ముందు ఉలవలు పోస్తాడని గీతే ఆ పేరు పెట్టింది. ఆ ఇంట్లో మధుసూదన్ మాట వినే ప్రాణి అదొక్కటే. అది కూడా ఉలవలు ఉన్నప్పుడే. అయినా దాని మెడ మీద చెయ్యి వేస్తే చాలు, ఆఫీసు తలనొప్పి దిగిపోతుంది అతనికి. అటువంటి కలెక్టరు మీదికి తెచ్చుకున్నాడు.

కలెక్టరుకు దగ్గుగా ఉందని చెప్పి చూశాడు. నిన్ననే గోడ దూకి పక్కింటి వాళ్ళ బీరపాదు మేసిన జీవానికి దగ్గేమిటన్నాడు బీరన్న. చిక్కిపోయిందన్నాడు. గీత దాని వీపు చరిచి నవ్వింది. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు గానీ, రెండుసార్లూ గీత, "ఏందయ్యా?" అని కళ్ళలోకి చూసేసరికి నోరు దానంతటదే మూసుకుంది.

ఆదివారం పొద్దున బలగమంతా గుట్టెక్కింది. ముందు డప్పు, వెనక పసుపు రాసి బంతిపూలు కట్టిన కలెక్టరు, దాని వెనక వంటగిన్నెలు మోస్తూ మధుసూదన్. వాటిలో ఏముందని అడిగితే, మోసేటోనికెందుకంది గీత. ఎన్నడూ మనిషి అలికిడి లేని దారిలో పిల్లలు ఈలలు వేస్తున్నారు. సంతోష్ ఫోను పట్టుకొని పక్కనే ఎక్కుతున్నాడు.

"ఇక్కడ సిగ్నల్ లేకపోయినా పర్లేదు తమ్ముడూ, అన్నీ ఫోన్లోనే దాచాను. ఇది మెట్ల సెంట్రింగు. చూడు, చూడు."

మడుగు మాత్రం ఎప్పటిలాగే ఉంది. నీళ్ళు కదలడం లేదు, బండల నీడలు అందులో అలాగే నిలబడ్డాయి. దాన్ని చూసేసరికి మధుసూదన్‌కు ఏడుపొచ్చింది. నిద్రపోదామని కన్న కల ఎక్కడ, కలెక్టరును బలివ్వడానికి రావడం ఎక్కడ?

మైసమ్మ రాయి ముందు పొట్టేలును నిలబెట్టారు. దాని మీద పసుపునీళ్ళు పోస్తే ఒళ్ళు దులపరించాలి. దులపరిస్తే అమ్మ మొక్కు పట్టినట్టు. దులపరించకపోతే ఎంత పెద్ద మొక్కైనా చెల్లదు. గీత చెంబుతో వీపు మీద పోసింది. కలెక్టరు కదలలేదు. మధుసూదన్ లోలోపల దండం పెట్టుకున్నాడు. మళ్ళీ పోసింది. ఒత్తుగా పెరిగిన ఉన్ని మీదుగా నీళ్ళు జారిపోయాయి గానీ, కలెక్టరు తీరిగ్గా నెమరు వేస్తూ నిలబడింది.

బలగంలో గుసగుసలు మొదలయ్యాయి. మొక్కులో ఏదో లోపం ఉందన్నాడు బీరన్న.

"ఏం మొక్కినవో అమ్మకు మళ్ళొకసారి చెప్పరాదు," అంది గీత చెంబు మడుగులో ముంచుకుంటూ. "యాది మరిసినట్టున్నది."

మధుసూదన్ ఇక ఆగలేకపోయాడు. కలెక్టరు మెడను రెండు చేతులా కావలించుకొని, మొక్కూ లేదు మన్నూ లేదని బావురుమన్నాడు. కోదాడ తప్పించుకోవడానికి అబద్ధమాడాననీ, సెప్టిక్ ట్యాంకు మళ్ళీ చూడలేననీ, ఈ ఒడ్డున ఒక పూట పడుకుందామనుకోవడమే తన నేరమనీ అందరి ముందూ కక్కేశాడు. సంతోష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మ పేరు మీద అబద్ధమాడితే ఊకె పోతదా?" అంది గీత నెమ్మదిగా. "నిజం మొక్కు మొక్కి తప్పు దిద్దుకో."

"గీత ఏడికి రమ్మంటే ఆడికి వస్త. కిక్కురుమనకుంట వస్త. నా కలెక్టరును ఇడిసిపెట్టు తల్లీ."

ఆ తల్లీ అన్నది మైసమ్మనో గీతనో అతనికే తెలియదు. ఆ మాట నోట్లోంచి రావడమే ఆలస్యం, కలెక్టరు తల నుంచి తోక దాకా జలజలా దులపరించింది. పసుపునీళ్ళు అందరి మీదా చిందాయి. డప్పు మోగింది. బలగమంతా చేతులెత్తి మొక్కింది.

మధుసూదన్ మొహం తుడుచుకొని చూస్తే కలెక్టరు ఎడమ చెవిలోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కనే గీత, చేతిలో ఖాళీ చెంబు. చెవిలో నీళ్ళు పడితే ఏ జీవమైనా దులపరిస్తుందని కురుమింట పుట్టినవాడికి వేరే చెప్పాలా? చెప్పినా ఇప్పుడు వినేవాళ్ళెవరు?

"మరి కత్తి?" అన్నాడు భయంగా తండ్రితో.

"కత్తెవడు తెచ్చిండు రా? వద్దని గీత శుక్రవారమే చెప్పింది," అన్నాడు బీరన్న, మీసాల చాటున నవ్వు ఆపుకుంటూ.

గిన్నెల మూతలు తీశారు. తెల్లవారుజామునే వండిన కోడికూర, బగారన్నం ఘుమఘుమలాడాయి. అందరూ ఒడ్డు పొడుగునా కూర్చున్నారు. గీత మొగుడి విస్తట్లో అందరికంటే ఎక్కువే వడ్డించి, పక్కనే చతికిలబడింది.

"వచ్చే ఆదివారం తుంగతుర్తి పోవాలె. మా చిన్నమ్మ రమ్మన్నది. గామె కొడుకు గూడ ఇల్లు కడ్తున్నడు."

మధుసూదన్ నోరు తెరిచాడు. బలగమంతా తినడం ఆపి అతని వైపు చూసింది. ముద్ద గుటుక్కున మింగాడు.

"ఎన్ని గంటలకు బయలెల్లాలె?" అన్నాడు.