ముప్పై ఆరు సెంటీమీటర్ల కుట్ర

"నేరస్థులు నిద్రలో ఉలిక్కిపడి లేచే పేరు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది నాది!" అని ప్రకటించాడు మా బావ, నా కుట్టుమిషను మీద ఒక కాలు పెట్టి నిలబడి. "ఆరడుగుల మేధస్సు, బామ్మర్దీ! అందులో ఒక్క అంగుళం కూడా దండగ లేదు."

"ముందు కాలు తియ్యి బావా. తెరచాప నలిగిపోతోంది."

తీశాడు. తీస్తూ తీస్తూ సూదుల డబ్బా తన్నేశాడు.

ఆ ఆరడుగుల సంగతి ముందే చెప్పేస్తాను. మా బావ ఎత్తు ఆరడుగులే, కాదనను. కాకపోతే అందులో ఆరంగుళాలు టోపీవి. పొగగొట్టంలాంటి నల్లటోపీ ఒకటి కొనుక్కుని, అది నెత్తిన ఉండగానే గోడకి ఆనుకుని గీత గీయించుకున్నాడు. అప్పట్నుంచీ అదే ఆయన ఎత్తు. వృత్తి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీయడం, ప్రవృత్తి అపరాధ పరిశోధన. అప్పటికి ఛేదించిన కేసులు రెండు. మొదటిది దుకాణంలో మాయమైన కళ్ళజోడు, అది ఆయన ముక్కు మీదే దొరికింది. రెండోది పక్కింటివాళ్ళ గొడుగు, అది మా అక్కావాళ్ళింట్లోనే దొరికింది. అక్కడికెలా వచ్చిందన్నది ఇంకా దర్యాప్తులో ఉంది.

నేను సముద్రపు ఒడ్డున విండ్‌సర్ఫింగ్ క్లబ్బులో చిరిగిన తెరచాపలు కుడతాను. మా మేనకోడలు, అంటే బావ ఒక్కగానొక్క కూతురు, ఆ క్లబ్బులోనే స్లాలమ్ పందేలకు దిగుతుంది. తెరచాప కట్టిన బోర్డు మీద నిలబడి, నీళ్ళలో తేలే బుడగల చుట్టూ మెలికలు తిరుగుతూ అందరికన్నా ముందు గీత దాటాలి, అదీ ఆట. క్లబ్బు జట్టులో ముగ్గురికే చోటు. పోయినేడు పిల్ల నాలుగోది అయింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఎంపిక పందెం ఈరోజే, పదకొండు గంటలకి. ఇక ముందు అవకాశమనేది లేదు.

అలాంటి పిల్ల మూడు వారాలుగా ప్రాక్టీసులో అందరికన్నా ఆఖరున వస్తోంది. బోర్డు వేగం అందుకోగానే తోక పక్కకి జారిపోతోంది, పిల్ల నీళ్ళలో పడుతోంది.

ఇక్కడ ఫిన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. బోర్డు అడుగున, తోక దగ్గర చేపరెక్కలాంటిది బిగిస్తారు. అది నీళ్ళని పట్టుకుంటేనే బోర్డు తిన్నగా పోతుంది. గాలిని బట్టీ తెరచాపని బట్టీ దాని పొడవు ఎంచుకోవాలి. మరీ పెద్దదైతే బోర్డు లేచి నిలబడి మనిషిని విసిరికొడుతుంది. మరీ చిన్నదైతే పట్టు చిక్కక తోక జారుతుంది. మా తీరంలో గాలికి, మా పిల్ల తెరచాపకి ముప్పై ఆరు సెంటీమీటర్లది అతికినట్టు సరిపోతుందని కోచ్ లెక్క. పిల్ల వాడేదీ ముప్పై ఆరే.

"ఫిన్ కరెక్టే. నీ వెనక కాలే మొద్దుబారింది," అనేవాడు కోచ్ ప్రతిరోజూ.

వినీ వినీ పిల్ల నమ్మేసింది. మెట్లెక్కుతూ కూడా కాలి వంక అనుమానంగా చూసుకునేది. నిన్న నా గదిలోకొచ్చి, కుట్టాల్సిన తెరచాపలో మొహం దాచుకుని, "నా కాలు పాడైపోయింది మావయ్యా, ఇంక నాకు రాదు," అని వెక్కివెక్కి ఏడ్చింది. చూడలేక నేను చేసిన తప్పు, ఆ మాట మా బావకి చెప్పడం.

అదిగో, అందుకే తెల్లారేసరికి దుకాణం భూతద్దం పట్టుకుని నా గదిలో దిగాడు.

"నా కూతురి కాలు మొద్దుబారడమా? అసంభవం! అది నా కాలు. నా వంశపు కాలు!" అన్నాడు. "ఇది కుట్ర. ఎవరో ఫిన్‌కి నూనె రాస్తున్నారు. అందుకే జారుతోంది. ఏదీ, ఆ ముప్పై ఆరు ఇలా ఇవ్వు."

ఇచ్చాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వాసన చూశాడు, నాలుక చాచి కొసనుంచి కొసదాకా నాకాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఉప్పు! ఎవరో ఉప్పు పూశారు!"

"బావా, సముద్రం."

"సముద్రమా?" ఒక్క క్షణం ఆలోచించాడు. "దాన్ని కూడా అనుమానితుల్లో రాయి."

రాశాను. రాయకపోతే పని జరగదు. అప్పటికే ఆ పట్టీలో ముగ్గురున్నారు. మొదట కోచ్, "ఎప్పుడూ విజిలు ఊదుతుంటాడు, నిజం దాచేవాడి నోరు ఖాళీగా ఉండదు" కాబట్టి. తర్వాత పోయినేడు మూడో చోటు కొట్టేసిన పొడుగమ్మాయి. మూడో పేరు నాది.

"నేనెందుకు?"

"సూది, కత్తెర, జిగురు. నేరానికి కావలసిన సరంజామా అంతా నీ బల్ల మీదే ఉంది. నువ్వు నా భార్య తమ్ముడివి కాబట్టి మూడో స్థానంతో సరిపెట్టాను. అసలు నా జాగ్రత్తలే లేకపోతే ఈ కుట్ర ఎంత దూరం వెళ్ళేదో!"

ఆయన జాగ్రత్తలేమిటంటే, మూడు వారాల కిందట పిల్ల పాత ఫిన్ విరిగిపోతే, ఆట మానేస్తున్న ఒక పెద్దాయన దగ్గర మూడు ఫిన్‌లున్న సంచి తీసుకుని పిల్లకి పుట్టినరోజు కానుకగా ఇచ్చాడు. ఇచ్చేముందు రెండురోజులు దుకాణంలో పెట్టుకున్నాడు. ఏ గాలికి ఏ ఫిన్ వాడుతున్నారో శత్రువు కంటపడకూడదని, వాటి మీద అచ్చువేసిన అంకెల్ని అద్దాలు సానపట్టే చక్రం మీద పెట్టి అరగదీసేశాడు. వాటి బదులు తనే కొలిచి, గుర్తుకోసం బియ్యపుగింజంత అక్షరాలతో చీటీలు అంటించాడు. ముప్పై ఆరు, నలభై, నలభై నాలుగు. అంత చిన్న రాత చదవాలంటే భూతద్దం కావాలి. పిల్లకి వరుస గుర్తుంది కాబట్టి సరిపోయింది.

తొమ్మిదిన్నరకి బావ కోచ్ గదిని సోదా చేద్దామన్నాడు. తలుపు తాళం వేసి ఉంటే కిటికీ ఎత్తి, అది పడిపోకుండా నలభై నంబరు ఫిన్‌ని అడ్డుపెట్టి, సగం లోపలికి దూరాడు. టోపీ పట్టలేదు. టోపీ తీస్తే పట్టేది, కానీ ఆయన తియ్యడు. ఇరవయ్యేళ్ళుగా ఆ టోపీ తీయగా చూసిన బంధువు లేడు. బావని వెనక్కి లాగాను. టోపీ ఊడలేదు గానీ కిటికీ ఊడి ధడాల్న పడింది. నలభై నంబరు కొస పుటుక్కున విరిగింది.

"సాక్ష్యాన్ని నాశనం చేశారు!" అన్నాడు బావ.

"మనమే చేశాం."

"అదే వాళ్ళ తెలివి. మన చేతే చేయించారు."

"మిగిలిన ముప్పై ఆరైనా జాగ్రత్త బావా. పందేనికి అదే దిక్కు," అన్నాను.

"అది ఎప్పుడో భద్రం చేసేశాను. నాతో తెచ్చుకున్న ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశా."

"మంచిపని చేశావు. తాళంచెవి ఏది?"

బావ ఛాతీ పొంగించాడు. "శత్రువుకి ఎన్నటికీ దొరకదు. సముద్రంలోకి విసిరేశాను. ఇక ఆ పెట్టెని ఎవ్వరూ తెరవలేరు."

"మనమో?"

బావ సముద్రం వైపు చూశాడు, అది సిగ్గుపడి తాళంచెవి తిరిగిచ్చేస్తుందేమోనన్నట్టు.

పదింబావుకి పిల్ల వచ్చింది, వెనకాలే కోచ్ కూడా. నేను సుత్తితో పెట్టె మీద కొడుతున్నాను. పెట్టె మంచి రకం, నా ఖర్మ. పెట్టె సొట్టపోయింది గానీ తెరుచుకోలేదు. సంగతి విన్నాక పిల్ల గట్టిగా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. సంచిలో మిగిలిన నలభై నాలుగుని తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"కోచ్ సార్, క్లబ్బు ఫిన్ ఏదైనా..." అని నేను నసిగాను.

"క్లబ్బువన్నీ ఒంటి మర ఫిన్‌లు. ఈ పిల్లది రెండు మరల బోర్డు. పట్టవు," అన్నాడు కోచ్. ఇక నలభై నాలుగే ఉందని పిల్ల చెప్పగానే ఆయన నోట్లోంచి విజిలు జారింది. "ఈ గాలికి నలభై నాలుగా! బోర్డు గుర్రంలా లేస్తుందమ్మా. మొదటి మలుపు కూడా దాటవు."

"దాటకపోతే దాటను సార్. జారి ఆఖరున వచ్చేకంటే లేచి పడటమే నయం," అంది పిల్ల. తనే మరలు బిగించుకుంది.

వెళ్తూ వెళ్తూ తండ్రి వైపు చూసింది. "నాన్నా, నువ్వు నాకోసమే చేశావని తెలుసు. కానీ ఈరోజుకి ఇంకేం చెయ్యకు."

బావ టోపీ అంచు కిందికి లాక్కున్నాడు. పాపం అనిపించింది, ఒక పక్కన నాలుగు తగిలించాలనీ అనిపించింది.

పదకొండుకి జెండా ఊగింది. ఎనిమిది తెరచాపలు ఒక్కసారి వాలాయి. మా పిల్ల భయంతో కాలు బిగబట్టి అందరి వెనకా బయల్దేరింది. కోచ్ కళ్ళు మూసుకుని, "లేచిందా? పడిందా?" అని నన్నడుగుతున్నాడు.

"లేవలేదు సార్."

"లేస్తుంది చూడు."

లేవలేదు. జారనూ లేదు. మొదటి బుడగ దగ్గర పిల్ల వెనక కాలు గట్టిగా తొక్కింది. ఇన్నాళ్ళూ తోక జారింది సరిగ్గా అక్కడే. ఈసారి బోర్డు ఇస్త్రీపెట్టెలా నీళ్ళని చదును చేసుకుంటూ పోయింది. రెండో బుడగ దగ్గర ఇద్దర్ని దాటింది. మూడో దగ్గర ఇంకో ఇద్దర్ని. నేను చేతిలో ఉన్న సుత్తి ఊపుతూ కేకలు పెడుతుంటే పక్కవాళ్ళు దూరంగా జరిగారు. ఆఖరి మలుపులో మరో ఇద్దర్ని కూడా దాటేసి, పొడుగమ్మాయి వెనకాలే గీత దాటింది.

రెండో స్థానం. జట్టులో చోటు.

బావ ఏడుస్తున్నాడు. భూతద్దం కంటికి పెట్టుకుని ఏడుస్తుంటే కన్నీళ్ళు గుమ్మడికాయలంత కనిపించాయి.

కోచ్ మాత్రం సంతోషించడం మానేసి బోర్డు తిరగేశాడు. జేబులోంచి మడత స్కేలు తీసి, బోర్డు అడుగు నుంచి ఫిన్ కొసదాకా కొలిచాడు. "ముప్పై ఏడు," అన్నాడు. మరలు విప్పి, ఫిన్ బయటికి లాగి, బోర్డు లోపల ఇమిడి ఉండే దిమ్మతో కలిపి మళ్ళీ కొలిచాడు. "నలభై నాలుగు. ఎవడో దిమ్మతో కలిపి కొలిచాడు! దిమ్మ బోర్డులోకి పోతుంది. నీళ్ళలో ఉన్నదే లెక్క. పసిపిల్లలక్కూడా తెలుసు!"

"అంటే ఆ ముప్పై ఆరు..." అన్నాను.

"ఇరవై తొమ్మిది! ఇరవై తొమ్మిదితో ఈ గాలిలో ఎవడైనా జారతాడు." కోచ్ విజిలు మెళ్ళోంచి తీసేసి పిల్ల వైపు తిరిగాడు. "నీ కాలు నిక్షేపంలా ఉందమ్మా. మూడు వారాలు నేను అంకె అడిగానే గానీ ఫిన్ చూడలేదు. నాదీ తప్పే."

పిల్ల తన కాలి వంక చూసుకుంది, చాలారోజుల తర్వాత కనబడ్డ స్నేహితురాల్ని చూసినట్టు.

"ఎవ్వరూ కదలొద్దు!" అని బావ మధ్యలోకి దూకాడు. "నేరం బయటపడింది. ఇక నేరస్థుడు మిగిలాడు. ఆ ఫిన్ మీది చీటీ ఇలా ఇవ్వండి. చేతిరాత చాలు, మనిషి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాను."

నేను చెప్పబోయాను. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది.

బావ భూతద్దం కింద చీటీ పెట్టాడు. "అక్షరాలు బియ్యపుగింజంత. అంటే చిన్న వస్తువులతో పనిచేసే మనిషి."

"ఆహా," అంది పిల్ల.

"ఎడమచేతివాటం." ఎడమచేత్తో భూతద్దం దగ్గరికి జరుపుకున్నాడు. "కాగితానికి అద్దాలపొడి అంటింది. కాబట్టి అద్దాలు అరగదీసే చోట రాశాడు. ఈ చుట్టుపక్కల అలాంటి దుకాణం ఒక్కటే."

"ఇంకా చెప్పు నాన్నా."

"మహా గర్విష్టి. ఎవర్నీ అడగడు. వస్తువుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కొలిచేస్తాడు, పనికొచ్చేదెంతో చూడడు. ఇలాంటివాడు తన ఎత్తుని కూడా..."

ఆగిపోయాడు. చెయ్యి మెల్లగా టోపీ మీదికి వెళ్ళింది. కోచ్ స్కేలు మడిచాడు.

"మూడు వారాలు..." అన్నాడు బావ. గొంతులో డిటెక్టివ్ ఎవరూ లేరు. "మూడు వారాలు నీ కాలు పాడైందని ఏడ్చావు. నావల్లేనా అమ్మడూ?"

"నీవల్లే నాన్నా."

"మరి శిక్ష?"

పిల్ల కోచ్ చేతిలో స్కేలు తీసుకుంది. "టోపీ తీసి ఆ గోడకి నిలబడు."

బావ నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. ఆఖరికి రెండు చేతులతో, వేడిగిన్నె దింపినట్టు, టోపీ దింపాడు. కింద బుర్ర నున్నగా, పాపం, ఎండ ఎరగనట్టు తెల్లగా ఉంది. పిల్ల మడమల నుంచి నడినెత్తిదాకా జాగ్రత్తగా కొలిచి, చీటీ వెనక ఎవరైనా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాసి, ఆయన చొక్కాకి అంటించింది. ఐదడుగుల ఆరంగుళాలు.

పిల్ల ఐదడుగుల ఎనిమిది. తండ్రి పక్కన ఎప్పుడూ కాస్త వంగి ఎందుకు నిలబడుతుందో నాకు అప్పుడు తెలిసింది. ఆ పూట వంగలేదు. నిటారుగా నిలబడి, తండ్రి తల వంచి దగ్గరికి తీసుకుని, ఆ నున్నటి బుర్ర మీద గడ్డం ఆనించింది.

"కేసు మూసేశాం," అన్నాడు బావ, కిందనుంచి.