ఎడమచేతి లడ్డూకు ఎఫ్ పరీక్ష

ఎడమచేత్తో చేసిన పని కుదురుగా ఉండదని లోకంలో ఒక గట్టి నమ్మకం ఉంది. బూర్గంపాడు దగ్గరి ఇప్పపువ్వు లడ్డూల కేంద్రంలో ఆ నమ్మకానికి ప్రతినిధి, కేంద్రం పెద్ద భీమయ్య. లడ్డూలు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉంటున్నాయని భద్రాచలం కొట్లవాళ్ళు అన్న మర్నాటి ఉదయమే ఆయన విచారణ లేకుండా దోషిని పట్టేశాడు. అక్కడ ఎడమచేతివాటం మనిషి భవాని ఒక్కతే.

"రేపటి సంది పనికి రాకు బిడ్డా. నీ చెయ్యే గట్లున్నది, నేనేం జేస్త?"

కేంద్రానికి ఉచిత సలహాదారు, గణాంకశాస్త్రం చెప్పి రిటైరైన బాలకృష్ణ గారు టీ గ్లాసు కింద పెట్టారు. "చేతిని తర్వాత తిట్టవచ్చు, ముందు కొలుద్దాం. భవాని ఒక పళ్ళెం, జంపక్క ఒక పళ్ళెం చుట్టాలి. ఒక్కో లడ్డూ తూస్తాను. సగటుతో నాకు పనిలేదు. ఎవరి బరువుల్లో హెచ్చుతగ్గులు ఎక్కువో ఎఫ్ పరీక్ష తేలుస్తుంది."

"భవాని ఓడితే?"

"వెళ్ళిపోతుంది."

"గెలిస్తే?"

"నువ్వు నోరు మూసుకుంటావు."

జంపక్క అక్కడ అందరికంటే ఎక్కువ కాలంగా లడ్డూలు చుడుతున్న మనిషి. ఆమె కుడిచేతిపై భీమయ్యకు అపారమైన గురి. పళ్ళేలు సిద్ధమయ్యేలోగా ఆయన కాంటాకు పసుపు రాసి, బొట్టుపెట్టి, పైన పువ్వుంచాడు. "పువ్వు బరువును ఏ సూత్రంతో తీసెయ్యాలయ్యా?" అంటూ బాలకృష్ణ గారు కాంటాను బయటికి మోసుకుపోయి తుడిచి తెచ్చారు.

తూకం ముగిసింది. హెచ్చుతగ్గుల కొలతైన విస్తృతి, జంపక్క లడ్డూలకు భవాని లడ్డూల కంటే ఏడు రెట్లు తేలింది. ఇది కాకతాళీయం కాదని చెప్పే ఎఫ్ పట్టికలోని హద్దు ఎప్పుడో దాటిపోయింది.

"చూశావా కుడిచేతి మహిమ?" అన్నారు బాలకృష్ణ గారు, శాస్త్రజ్ఞుడికి తగనంత సంతోషంతో.

జంపక్క భగ్గుమన్నది. "నా చేతినేమనకు సారూ! నువ్వు బయటికి పోంగనే దేవతలకు పెట్టిన. ఈ ఏటి కొత్త ఇప్పపువ్వు లడ్డు ముందుగాల దేవతలకు పెట్టకుండ తూకమేస్తరా? పెద్ద దేవతలకు పెద్ద ముక్క, చిన్న దేవతలకు చిన్న ముక్క ఒక్కో లడ్డుకెల్లి తీసి, మళ్ల గుండ్రంగ చుట్టిన."

"భవాని పళ్ళెంలోంచి?"

"ఎడమచేతి లడ్డు దేవతకెట్ల పెడ్తం?"

బాలకృష్ణ గారు లెక్కల కాగితాన్ని అడ్డంగా కొట్టేశారు. "నమూనా చెడిపోయింది. ఈ పరీక్ష చెల్లదు."

"సారూ, జర ఊకోండ్రి!" అని భవాని ఆయన చెయ్యి పట్టుకుంది. "గెలిచిన గద!"

"గెలవలేదమ్మా. ఏమీ తేలలేదు."

"చెల్లకపోవుడేంది?" భీమయ్య లేచి నిలబడ్డాడు. "జంపక్క లడ్డు తక్కువజేసి, ఈ పిల్లది ముట్టకుండ ఇడిసిపెట్టిన్రంటే దేవతలే తీర్పు చెప్పిన్రు. భవానీ, రేపటి సంది మొదటి పళ్ళెం నీదే."

"అది తీర్పు కాదయ్యా, పొరపాటు!"

"గా మాట దేవతలతోని అను."

మళ్ళీ తూద్దామని బాలకృష్ణ గారు పళ్ళేల కోసం చూశారు. రెండింటినీ అప్పటికే ప్రసాదంగా పంచేశారు.

భవాని పనిలో కొనసాగింది. పరీక్ష మళ్ళీ జరపాలన్న ప్రతిపాదనకు అనుకూలంగా ఒకటి, వ్యతిరేకంగా మూడు ఓట్లు వచ్చాయి.