నడుముకు పూనకం

ఆ ఉదయం నవత వేసుకున్న పథకంలో దేవతల ప్రమేయం ఏమీ లేదు. అత్త వజ్రమ్మ గల్లీ చివరికి కూరగాయలకు వెళ్ళగానే తలుపు దగ్గరకు వేసి, నడుముకు బిళ్ళల రుమాలు బిగించి, కాసేపు బెల్లీ డాన్సు సాధన చేసుకోవాలి. అంతే.

పొద్దస్తమానం నేల మీద కూర్చుని చీరలకు రాళ్ళు అతికించి అతికించి ఆమె నడుము కొయ్యబారిపోయింది. తాపీ నది అవతల అడాజణ్ పేటలో ఆ డాన్సు క్లాసు బోర్డు చూసి ధైర్యం చేసి చేరింది. ఇంట్లో మాత్రం జాకెట్లు కుట్టడం నేర్చుకుంటున్నానని చెప్పింది. మంగళ, శుక్రవారాల సాయంత్రాలే తనవి అనిపించేవి. సంగతి బయటపడితే అవీ పోతాయి. ఎడమ నడుము ఇంకా కదలడం లేదని టీచరు హేతల్ విసుక్కుంటోంది, ఇంట్లో సాధన చేయక తప్పదు.

అదృష్టం కొద్దీ కింది అంతస్తులో మరమగ్గాలున్నాయి. ఆ మోతలో పైన ఏనుగు గంతులేసినా వినబడదు. నవత తలంటుకున్న జుట్టు విరబోసుకుని, ముఖానికి పసుపు, శనగపిండి పట్టించి, చెవుల్లో పాట పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో గల్లీ అంతా ఘల్లుఘల్లుమంది. పాట వింటున్న నవతకు తప్ప అందరికీ వినబడింది.

పక్కింటి స్వరాజ్యం తలుపు సందులోంచి తొంగి చూసింది. అసలే ఆషాఢం, బోనాల నెల. విరబోసిన జుట్టు, పసుపు ముఖం, ఊగిపోతున్న ఒళ్ళు.

"వజ్రమ్మక్కా! జల్ది రా! నీ కోడలికి అమ్మ పూనింది!"

పాట అయిపోయి నవత కళ్ళు తెరిచేసరికి గదినిండా జనం, వేపమండలు, నిమ్మకాయలు. ఎన్నడూ మెచ్చుకోలు మాట అనని అత్త చేతులు జోడించి నిలబడింది. మగ్గాల దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చిన మొగుడు రవీంద్ర అందరికన్నా ముందు సాష్టాంగపడ్డాడు. ఇది డాన్సు అని చెబితే క్లాసు గోవిందా. నవత గబుక్కున కళ్ళు తేలేసింది.

"ఏం తప్పు జేసినం తల్లీ?" అంది వజ్రమ్మ చెంపలేసుకుంటూ.

"నా బిడ్డను ఇంట్ల కట్టేస్తున్రు! మంగళారం, శుక్కురారం సాయంత్రం బయటికి పంపున్రి. యాడికని అడగొద్దు!"

"అట్లనే తల్లీ!"

"కరెంటు ఎప్పుడొస్తది తల్లీ?" అన్నాడు రవీంద్ర నేల మీద నుంచే.

"ఇప్పుడే వస్తది, పోరా!" అంది నవత. పెళ్ళయిన నాటి నుంచీ అనాలనుకున్న మాట అది. అనగానే కింద మగ్గాలు దడదడమన్నాయి. నవతకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

మంగళవారం సాయంత్రం సంచీ పట్టుకుని దర్జాగా గడప దాటితే, ఎదురుగా వరసగా ఆటోలు. ఒకదాంట్లో డప్పు. ఇంకోదాంట్లో ఒళ్ళో బోనం కుండతో స్వరాజ్యం.

"ఇదంతా ఏంది అత్తమ్మా?"

"అమ్మ బిడ్డను ఒంటిగ పంపుతమా? నలుగురు నవ్వరా? నువ్వు ముందు నడువు, మేం ఎనక వస్తం. యాడికని అడగం."

నవత చేసేది లేక ముందు ఆటో ఎక్కింది. ఏదైనా గుడి దగ్గర దిగిపోదామనుకుంది. కానీ ఎప్పుడూ ఎక్కే ఆటో అది. ఆమె నోరు తెరిచేలోపే డ్రైవరు అలవాటు కొద్దీ తాపీ నది వంతెన దాటించి, డాన్సు స్టూడియో ముందు ఆపేశాడు. నవత మెట్లెక్కి పారిపోయింది. వెనకే డప్పు.

లోపల అద్దాల గదిలో పాతికమంది ఆడవాళ్ళు బిళ్ళలు ఘల్లుమనేలా ఊగిపోతున్నారు.

"అమ్మో, గింతమందికా!" అంటూ స్వరాజ్యం బోనం దించి బోర్లా పడింది. భక్తి పట్టలేక డప్పు కొట్టేవాడు దరువు పెంచాడు. నడుములు ఇంకా జోరందుకున్నాయి.

"వాహ్! ఎవరు పిలిచారు వీళ్ళని?" అంది హేతల్ హిందీలో, చప్పట్లు చరుస్తూ.

వజ్రమ్మ మాత్రం కదల్లేదు. అద్దాలను చూసింది. మేకులకు వేలాడుతున్న రుమాళ్ళను చూసింది. చివరికి కోడలిని చూసింది.  ఇక ఈ గది ముఖం చూడనని నవతకు తేలిపోయింది.

"అత్తమ్మా, నేను..."

"నేనేమన్న అడిగిన్నా?" అంది వజ్రమ్మ. "యాడికని అడగొద్దన్నది అమ్మ. అమ్మ మాట దాటుతమా?"

తర్వాత నొప్పి పెడుతున్న నడుము మీద చెయ్యి వేసుకుని హేతల్ దగ్గరికి నడిచింది. "మేడమ్, కమర్ దర్ద్ పోతదా?"

"పక్కా, మాసీ!" అంటూ హేతల్ ఒక ఎర్ర రుమాలు తీసి ఆమె నడుముకు కట్టింది. ముడి సరిగా పడకపోతే వంగి సర్దింది నవత. 

ఇప్పుడు ఆ గల్లీ ఆడవాళ్ళందరికీ మంగళ, శుక్రవారాల్లో సరిగ్గా క్లాసు వేళకే అమ్మ పూనుతోంది. స్వరాజ్యానికి మాత్రం ఎడమవైపు ఇంకా పూనలేదు.