‘కా’ అంటే కాకి

బుధవారం పొద్దున నాగేశ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగాలి, మగ్గం గుంటలోకి దిగాలి, మధ్యాహ్నం అన్నం వేళకు చీర కొంగు సగమైనా నేయాలి. గద్వాల నేతగాడికి పొద్దున్నే ఇంతకన్నా పెద్ద ఆశ ఉండదు. కాని ఆ ఇంట్లో ఈ ఆశ తీరి రెండు నెలలైంది.

నాగేశ్ చాయ్ తాగాడు, గుంటలోకి దిగాడు. దిగిన మరుక్షణం అతని రెండున్నరేళ్ల కూతురు శైలు కెవ్వున అరిచి, పరుగెత్తుకొచ్చి, తండ్రి జుట్టు రెండు చేతులా పట్టుకుని పైకి లాగింది. జుట్టు చేతికొచ్చింది కాని తండ్రి రాలేదు. దాంతో భుజం కొరికింది. "కా! కా!" అని అరుస్తూ తల నేలకేసి కొట్టుకుంది. పిల్లకు మాటలు ఇంకా సరిగా రాలేదు. వచ్చిన నాలుగు ముక్కల్లో ‘కా’ ఒకటి.

రెండు నెలల కిందటి దాకా నాగేశ్ మేస్త్రీ మగ్గాల షెడ్డుకు పోయి కూలికి నేసేవాడు. తరువాత ముందర గదిలోనే గుంట తవ్వించి, అందులోకి దిగి కూర్చుని నేసే సొంత మగ్గం పెట్టుకున్నాడు. పిల్ల అందులో పడుతుందేమోనని అతని భార్య నవనీత గుంటకు అడ్డంగా చెక్క పెట్టించమంది. "చెక్కెందుకు? నేను ఒక్క మాట చెప్తె దగ్గరికి పోదు," అని నాగేశ్ తల్లి బాలనాగమ్మ పిల్ల చెవిలో ఏదో చెప్పింది. ఆ మాట బాగానే పనిచేసింది. శైలు ఆనాటి నుంచి గుంట అంచుకు పోలేదు, తండ్రి దిగినప్పుడు తప్ప.

"గిది మొండితనం కాదు, గాలి," అని ఆ పొద్దున బాలనాగమ్మ తీర్పు చెప్పింది. "ఐతారం అమరచింతకు తోల్కపోదాం. పెంటమ్మక్కతోని ఒక్క వాత పెట్టిస్తె అన్నీ దిగుతయ్."

పెంటమ్మ పసుపు కొమ్మును నిప్పుల్లో కాల్చి పిల్లల పొట్ట మీద వాత పెడుతుంది. నాగేశ్ బొడ్డు పక్కన అలాంటి గుండ్రటి మచ్చ ఒకటుంది. మూడేళ్లప్పుడు పెట్టించారు. ఎందుకు పెట్టించారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. నాగేశ్‌కు గుర్తున్నది వాసన ఒక్కటే. తల్లి మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ వాతతోనే పోయింది.

"నా పాణం పోయినా పెట్టనియ్య అత్తమ్మా," అంది నవనీత. అన్న వెంటనే దవాఖానలో చిన్నపిల్లల మొండితనాలు, భయాలు చూసే ధనలక్ష్మి మేడంకు ఫోన్ చేసింది.

"శుక్రారం పొద్దున నేనే ఇంటికొస్త," అంది ధనలక్ష్మి. "అంతదాంక కొట్టకుండ్రి, తిట్టకుండ్రి. బిడ్డ ఏమంటుందో, ఎప్పుడంటుందో రాసి పెట్టుండ్రి. చిన్నపిల్లలు ఉత్తగ ఏడ్వరమ్మా, మనకేదో చెప్తుంటరు."

నవనీత క్యాలెండరు కాగితం చింపి, దాని వెనక రాయడం మొదలుపెట్టింది. సాయంత్రానికి పదకొండు వరుసలయ్యాయి. పదకొండింటిలోనూ ఒకటే మాట: కా. గోడకు గుచ్చిన ఆ కాగితాన్ని బాలనాగమ్మ కూడబలుక్కుని రెండుసార్లు చదివి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"కా అంటె కాకి! మీ నాయిన వచ్చిండురా నాగేశూ!"

నాయిన, అంటే కిష్టయ్య, పోయి ఏడాదైంది. దినాల్లో కాకి కోసం విస్తరేసి పిట్టకు పెట్టిన రోజు అది గంటసేపు రాలేదు. వచ్చింది కూడా ముక్కుతో ఒకసారి పొడిచి పోయింది. విస్తరిలో ఆయనకు ఇష్టమైన బోటి కూర లేదని బాలనాగమ్మకు అప్పుడే అనుమానం. ఆకలి మీదున్న మనిషి మనవరాలిలో చేరి కొడుకును కొరుకుతున్నాడన్నమాట. ఇది పట్టుకోవడానికే రాయమని ఉంటుందని ఆమె ధనలక్ష్మి మేడంను మెచ్చుకుంది కూడా.

గురువారం పొద్దున వాకిలి గోడ మీద విస్తరేసి అన్నం, బోటి కూర పెట్టారు. ఒక కాకి వచ్చింది. కిష్టయ్యే అనుకుని బాలనాగమ్మ దండం పెట్టింది. తరువాత ఇరవై వచ్చాయి. అందులో కిష్టయ్య ఎవరో తెలియక అన్నిటికీ దండం పెట్టింది. రెండు కాకులు ఒకే ముక్క కోసం కొట్లాడుకుంటూ కిటికీలోంచి ముందర గదిలోకి దూరాయి. ముక్క సరిగ్గా నేస్తున్న కొంగు మీద పడింది. మీగడ రంగు పట్టు మీద అరచేయంత నూనె మరక. నాగేశ్ లబోదిబోమంటూ గుంటలోంచి ఎగిరి పైకొచ్చాడు. కాలు తగిలి పడుగు దారాలు పటపటా తెగాయి.

అప్పటిదాకా తల కొట్టుకుంటున్న శైలు టక్కున ఆగింది. పోయి తండ్రి పాదాలు రెండు చేతులా పట్టుకుంది. వేళ్లన్నీ తడిమి చూసి, వాటి మీద బుగ్గ ఆనించింది.

గోల విని గుమ్మం ముందు చేరిన ఇరుగుపొరుగు నోళ్లు తెరిచారు. "సూడుండ్రి, కిష్టయ్య కొడుకు కాళ్లు పట్టుకొని మాపీ అడుగుతుండు!" అంది ఒకామె.

బాలనాగమ్మ ముఖం మారిపోయింది. "మా ఆయనా? మాపీ? బతికినన్నొద్దులు ఎవ్వల్నీ అడగనోడు సచ్చినంక అడుగుతడా? ఇది ఆయన కాదు. ఇంకేదో ఉంది."

ఇంకేదో అంటే ఆదివారం దాకా ఆగేది కాదు. ఆమె వెంటనే అమరచింతకు కబురు పెట్టింది.

శుక్రవారం పొద్దున గుమ్మం ముందు ఒకే ఆటోలోంచి ఇద్దరు దిగారు. బస్టాండు దగ్గర ఇద్దరూ ఒకే ఇల్లు చెప్పేసరికి ఆటోవాడు కలిపి తెచ్చాడు. ధనలక్ష్మి సంచిలో చెక్క బొమ్మలున్నాయి, పెంటమ్మ మూటలో పసుపు కొమ్ములు. పెంటమ్మకు చెవులు సరిగా వినపడవు. అయినా దారి పొడుగునా ఇద్దరూ పిల్లల గురించే మాట్లాడుకున్నారు.

పెంటమ్మ వాకిట్లో నిప్పులు రాజేసింది. నవనీత పిల్లను చంకన బిగించుకుని గది మూలకు చేరింది. "ముందు నన్ను కాల్చుండ్రి, అటెన్క దాన్ని ముట్టుండ్రి!"

పెంటమ్మ ఎందుకొచ్చిందో ధనలక్ష్మికి అప్పుడు అర్థమైంది. "జర ఆగుండ్రి. నాకు పావుగంట ఇయ్యుండ్రి," అంది. పావుగంట ఇవ్వడానికి బాలనాగమ్మకు అభ్యంతరం లేదు. కొమ్ము కాలడానికీ అంతే పడుతుంది.

నవనీత రాసిన కాగితాన్ని ధనలక్ష్మి పైనుంచి కిందికి చదివింది. పక్కనున్న వేళలు మళ్లీ చదివింది. "అన్నీ నువ్వు మగ్గంల కూసున్నప్పుడేనా అన్నా? ఏదీ, ఒక్కసారి దిగు."

నాగేశ్ దిగాడు. శైలు తల్లి చంకలోంచి జారి, అరుస్తూ పరుగెత్తింది. ధనలక్ష్మి పిల్లను ఆపలేదు. పక్కనే నేల మీద కూర్చుంది. అది చాలక బోర్లా పడుకుని, పిల్ల కళ్ల ఎత్తుకు తల తెచ్చి చూసింది. అక్కడి నుంచి చూస్తే నాగేశ్ నడుము దాకానే ఉన్నాడు. మిగతా మనిషి లేడు.

"శైలూ, నాయిన కాళ్లేవి బిడ్డా?"

పిల్ల ఏడుపాపి ఆమె ముఖంలోకి చూసింది. రెండు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఈమే. వేలితో గుంట చూపించింది. "కా... బూ... ఆమ్!"

"కా అంటె కాళ్లు," అంది ధనలక్ష్మి లేచి కూర్చుంటూ. "గుంటల ఎవలో నాయిన కాళ్లు తింటున్నరంటుంది. అండ్ల ఏమున్నదని చెప్పిండ్రు పిల్లకు?"

బాలనాగమ్మ కొంగు సర్దుకుంది.

"పడ్తదేమోనని..." అంది చివరకు. "గుంటల బూచోడున్నడు, పోతె కాళ్లు తింటడని చెప్పిన. ఒక్కసారే చెప్పిన."

రెండు నెలలుగా రోజూ పొద్దున తండ్రిని నడుము దాకా బూచి తింటుంటే ఆ పిల్ల చూస్తూ ఉంది. జుట్టు పట్టి, పళ్లతో పట్టి పైకి లాగాలని చూసింది. ఇంటిల్లిపాదీ చాయ్ తాగుతూ కూర్చుంటే అతన్ని కాపాడాలనుకున్నది ఆమె ఒక్కతే. అందుకే ఆమెకు వాత. నవనీత గోడకు జారగిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇప్పుడేం చెయ్యాలె మేడం?" అన్నాడు నాగేశ్.

"కాళ్లు చూపియ్యి. దిగేముందు చూపియ్యి, దిగినంక చూపియ్యి. రోజూ. ఒక్కనాటికి పోయే భయం కాదన్నా."

నాగేశ్ ఒక కాలు ఎత్తి గుంట అంచున పెట్టాడు. శైలు దూరం నుంచే చూసింది. రెండో కాలు పెట్టాడు. చాలాసేపటికి దగ్గరకొచ్చి బొటనవేలు పట్టుకుంది. ఇంకా చాలాసేపటికి అతని ఒళ్లోకి ఎక్కింది. గుంటలోకి తొంగి చూసి, కింద తొక్కుడు చెక్కలు తప్ప ఎవరూ లేరని తేల్చుకుని, తండ్రి బనీను పైకెత్తి మిగతా మనిషంతా ఉన్నాడో లేదో చూడసాగింది. బొడ్డు పక్కన ఆమె వేలు ఆగింది.

"బూ?"

నాగేశ్ ఆ మచ్చ వైపు చూసుకున్నాడు. వాకిట్లో నిప్పుల ముందున్న పెంటమ్మను చూశాడు. తల్లిని చూశాడు.

"ఔ బిడ్డా," అన్నాడు, తల్లి మీది నుంచి చూపు తిప్పకుండానే. "గుంటల లేడు గని, ఇది మాత్రం బూచోని పనే."

లోపలి మాటలేవీ వినపడని పెంటమ్మ ఎర్రగా కాలిన కొమ్మును పైకెత్తి కేకేసింది. "కొమ్ము కాలింది. వాత ఎవలికి?"

చాయ్ పెడతానని బాలనాగమ్మ వంటింట్లోకి పోయింది; ఆ చాయ్ మధ్యాహ్నం దాకా రాలేదు.