భోంచేశాక బటన్ నొక్కకూడదు

కొత్త సామాను కొనేవాడు కోనసీమలో పుట్టి ఏం బావుకున్నట్టు? షాపుకి వెళ్తాడు, డబ్బు కడతాడు, అట్టపెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కుతాడు. ఆ షాపువాడు ఇతన్ని భోంచేశావా అని అడిగాడా? పిల్లలెంతమంది అని అడిగాడా? అడగడు. అదే పాత సామాను కొనండి. ఒక ఇంటికి వెళ్తారు, ఒక అరుగు మీద కూర్చుంటారు, ఒక విస్తట్లో చెయ్యి పెడతారు. అందులోనూ వాడేసిన డీజే కంట్రోలరు కొనేవాడికి దక్కే గౌరవం కొత్తల్లుడికి కూడా దక్కదు!

డీజే కంట్రోలరంటే ఏమిటో తెలియని పెద్దలు కంగారుపడకండి. పీటంత పెట్టె. దాని మీద రెండు గుండ్రటి పళ్ళేలు, బోలెడన్ని బటన్లు, రంగురంగుల దీపాలు ఉంటాయి. దాన్ని లాప్‌టాప్‌కీ స్పీకర్లకీ తగిలిస్తే పాట మీద పాట ఎక్కించి ఊరిని ఊపెయ్యవచ్చు. మన ప్రాంతంలో ఆరోగ్యం, మర్యాద, బంధుప్రీతి పెరగాలంటే ఇంటికొకరు ఈ పెట్టెల్ని సెకండ్‌హ్యాండులో కొనడమే మార్గమని నా నిశ్చితాభిప్రాయం. ఊరికే అనడం లేదు. మా పక్కింటి దీపక్‌ని చూశాక అంటున్నాను.

దీపక్ మా మలికిపురంలో లాజరు మాస్టారి అబ్బాయి. మాస్టారు జీవితమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బడిలో వాడాల్సినన్ని మాటలు వాడేశానన్నట్టు ఇంట్లో పెద్దగా మాట్లాడరు. ఆ ఇంట్లో మాటల శాఖ ఆయన భార్య సువార్తమ్మగారిది. వాళ్ళమ్మాయి శారోన్‌కి ఈ వేసవిలో పెళ్ళి కుదిరింది.

మగపెళ్ళివారు రాజమండ్రి నుంచి డీజేని తెస్తామన్నారు. శారోన్ ఒప్పుకోలేదు. "మా అన్నయ్య ఉండగా బయటోళ్ళెందుకండీ. మా అన్నయ్యే వాయిస్తాడు" అని కాబోయే అత్తగారికి ఫోన్లో చెప్పేసింది. ఆ మాట విని దీపక్ ఛాతీ ఒక అంగుళం పెరిగింది. తన పాత కంట్రోలరు కిందటి క్రిస్మస్ వానలో తడిసి కన్నుమూసిన సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

అప్పటినుంచి పోలికలు మొదలయ్యాయి. పొద్దున లేస్తే ఫోన్లో వీడియోలు. ఈ పెట్టెకి ఎన్ని బటన్లు, ఆ పెట్టెకి ఎన్ని బటన్లు, ఎవడు ఎన్నాళ్ళు వాడాడు, ఎందుకు అమ్ముతున్నాడు! "పప్పులోకి తోటకూర వెయ్యనా, బచ్చలి వెయ్యనా" అని వాళ్ళమ్మ అడిగితే, రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఎలా చెప్పనన్నాడు. ఇంతటి వివేకం కొత్త సామాను కొనేవాడికి వస్తుందా?

మొదట ఆలమూరు వెళ్ళాడు. అమ్మకానికి పెట్టిన కుర్రాడు వెంకటసాయిరాం హైదరాబాదులో ఉద్యోగంలో చేరిపోయాడు. ఇంట్లో వాళ్ళమ్మ లలితగారు ఒక్కరే ఉన్నారు. "ఎండన పడి వచ్చేరు, ముందు కాళ్ళు కడుక్కోండి నాయనా" అన్నారు. పనసపొట్టు కూర, కంద బచ్చలి, మజ్జిగపులుసు. దీపక్ మొహమాటపడే కొద్దీ విస్తట్లో అన్నం పెరిగింది.

తర్వాత వరండాలోకి తీసుకెళ్ళి కంట్రోలరు చూపించారు. దాని మీద అప్పడాలు ఆరబెట్టి ఉన్నాయి. అరిటాకులో అన్నం పెట్టిన ఇల్లాలిని అప్పడాలు తియ్యమని ఏ నోటితో అడుగుతాడు? అప్పడాల సందుల్లోంచి కనబడినంత మేరా చూసి "బాగుందండి, ఇంట్లో అడిగి చెబుతాను" అని వచ్చేశాడు.

ఎలా ఉందని నేను గోడ మీంచి అడిగాను. "కూరలో ఆవ ఒక పిసరు ఎక్కువైంది గాని, మజ్జిగపులుసుకి వంక పెట్టలేం బాబాయిగారూ" అన్నాడు.

రెండోది కొత్తపేట. అక్కడ సాయిదుర్గ అని ఫంక్షన్లలో డీజే వాయించే అమ్మాయి. పెద్దది కొనుక్కుని పాతది అమ్ముతోంది. ఆ పిల్లకి మర్యాద తెలియదని గుమ్మంలోనే తేలిపోయింది. కూర్చోమనకుండానే కేబులూ స్పీకరూ చేతిలో పెట్టింది.

"బటన్ల మీద అక్షరాలన్నీ అరిగిపోయేయండి, చూడ్డానికి బాగోదు. పనిలో తేడా ఉండదు. మీరు వాయించి చూసుకోండి" అంది. దీపక్ వాయించాడు. పెట్టె చెప్పినట్టల్లా విన్నది.

ఆ అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. "నాదే కొనమని కాదండి. ఎక్కడ కొన్నా ఆపు బటన్ వరసగా నొక్కి చూసుకోండి. పాట మొదలెట్టేదీ ఆపేదీ ఆ బటనేనండి, వాడిన వాటిలో ముందు పోయేది అదే. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకుంటది. పాట ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైపోద్ది" అంది. ఆఖర్న మంచినీళ్ళు కావాలాండీ అని అడిగింది. అంతే! దీపక్ మిట్టమధ్యాహ్నం నకనకలాడే కడుపుతో కొత్తపేట బస్టాండులో నిలబడ్డాడు.

ఇంటికొచ్చి చెబితే సువార్తమ్మగారు నిర్ఘాంతపోయారు. "భోజనం వేళకి గుమ్మంలోకొచ్చిన మనిషిని తినెళ్ళమని ఒక్క మాటనలేదా? అలాంటోళ్ళ దగ్గర సామానేం కొంటాంరా" అన్నారు. దీపక్‌కీ నిజమేననిపించింది. ఏ లోపమూ లేని పెట్టె ఆ విధంగా పోలికలో ఓడిపోయింది.

మూడోది జొన్నాడ. బరాతులకి సౌండు సప్లై చేసే నూకయ్యగారు హైవే దాకా బండి మీద ఎదురొచ్చారు. ఇంట్లో చింతచిగురు రొయ్యలు, చేప వేపుడు. ఆయన భార్య "ఇంకొంచెం, ఇది మా గోదారి చేపండి, ఏమీ చెయ్యదు" అంటూ వడ్డించారు. దీపక్ వద్దనడానికి ఎత్తిన చెయ్యి మీద కూడా ఒక ముక్క పడింది.

చెయ్యి కడుక్కున్నాక కంట్రోలరుని తువ్వాలు మీద పెట్టి తెచ్చారు. స్విచ్చి వేస్తే దీపాలన్నీ వెలిగాయి. కళకళలాడిపోయింది.

"సౌండు పెట్టి చూపించేవోణ్ణేనండి. పక్కింట్లో బాలింత ఉందండి మరి" అన్నారు నూకయ్యగారు.

"అయ్యో, వద్దండి" అన్నాడు దీపక్.

కానీ సాయిదుర్గ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. పాట వినపడకపోయినా బటన్ దీపం కనబడుతుంది కదా. ఆపు బటన్ ఒకసారి నొక్కాడు. దీపం ఆరింది. ఆరిన వెంటనే మళ్ళీ వెలిగింది.

మీరే చెప్పండి, అప్పుడతను ఏం చెయ్యాలి? మళ్ళీ నొక్కి చూద్దామని వేలు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే ఆ ఇల్లాలు పూతరేకులు తెచ్చి "చెల్లెమ్మకి పట్టికెళ్ళండి బాబూ" అని పొట్లం చేతిలో పెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మన పెద్దలన్నారు. బటన్లు లెక్కపెట్టవచ్చని ఎక్కడైనా అన్నారా? ఎత్తిన వేలు దించేశాడు. దీపం తన కళ్ళకే అలా కనబడిందేమోనని సర్దిచెప్పుకుని, "చాలా బాగుందండి" అన్నాడు. కంట్రోలరు మలికిపురం వచ్చేసింది.

పెళ్ళయింది. సాయంత్రం కొబ్బరితోటలో పందిరి వేసి రిసెప్షన్ పెట్టారు. దీపక్ వాయించాడు. కుర్రాళ్ళు ఎగిరారు. నా పక్కటెముకలు కూడా ఎగిరాయి. శారోన్ స్టేజి మీంచి అన్నయ్యకేసి చూసి నవ్వింది, పక్కనున్న అత్తగారికి వేలు పెట్టి చూపించింది. అంతవరకూ ఆ పాటని ఆపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

అప్పుడు పాస్టరుగారు మైకులో "ఇప్పుడు పెళ్ళికూతురి తండ్రి లాజరు మాస్టారు రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు. ఆయన మాట్లాడటం మేమెవరమూ వినలేదు కదా, అందరం కుర్చీలు ముందుకు లాక్కున్నాం. దీపక్ బటన్ నొక్కాడు. పాట ఆగింది. మాస్టారు గొంతు సవరించుకుని "మా శారోను చిన్నప్పుడు..." అన్నారు.

పాట మళ్ళీ మొదలైంది.

దీపక్ మళ్ళీ నొక్కాడు. ఆగింది. "మా శారోను..." అన్నారు మాస్టారు. మొదలైంది. గోల చేసే క్లాసు ముందు నిలబడ్డట్టు ఆయన ఓపిగ్గా నిలబడ్డారు. క్లాసు సద్దుమణగలేదు. దీపక్ నొక్కినకొద్దీ పాట ఆగడం, ఆయన నోరు తెరవడం, పాట అందుకోవడం. చివరికి దీపక్ వైర్లన్నీ పట్టి పీకేశాడు. పందిరంతా నిశ్శబ్దం. మైకూ పోయింది. మాస్టారు చిన్నగా నవ్వి, మైకు పాస్టరుగారికిచ్చేసి, "అంతేనండి" అని కూర్చున్నారు.

శారోన్ తలొంచుకుంది.

అయితేనేం? మన మర్యాద ఎక్కడికి పోతుంది? భోజనాల దగ్గర అందరూ ఆయన్ని చుట్టుముట్టారు. "బ్రహ్మాండంగా మాట్లాడేరండి మాస్టారూ." "ఆయ్, నాకైతే కళ్ళమ్మట నీళ్ళొచ్చేసేయండి." మగపెళ్ళివారు కూడా చాలా బాగా చెప్పేరన్నారు. వినకుండానే ఇంత మెచ్చుకునే శ్రోతలు ఇంకే జిల్లాలో దొరుకుతారు?

దీపక్ స్పీకర్ల వెనకాల కూలబడి ఉన్నాడు. నన్ను చూసి "ఎలా ఉంది బాబాయిగారూ, నిజం చెప్పండి" అన్నాడు. నా నోట్లో అప్పటికే బిర్యానీ ముద్ద ఉంది. "బాగుంది బాబూ" అన్నాను.

మర్నాడు వాడు వాళ్ళ నాన్నగారిని అడిగాడట, ఏం చెబుదామనుకున్నారని. "ఏముందిరా, అందరికీ వందనాలు చెబుదామనుకున్నాను" అన్నారట ఆయన. వందనాలు చెప్పడానికి పిల్ల చిన్నతనం దాకా వెళ్ళక్కర్లేదని వాడికీ తెలుసు. మళ్ళీ అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నారట.

నూకయ్యగారిని ఫోన్లో నిలదియ్యమని నేను ఎగదోశాను. చేశాడు. "పెళ్ళి బాగా జరిగిందాండీ? చెల్లెమ్మ ఎలా ఉందండి? పూతరేకులు నచ్చినియ్యా? ఈసారి అమ్మగార్ని కూడా తీసుకుని భోజనానికి రండి" అన్నారు ఆయన. "ఆయ్, వస్తామండి" అని దీపక్ ఫోన్ పెట్టేశాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది. పత్రికలో రాయదగ్గది కాదు.

ఆ తర్వాత వాడు స్వయంగా రిపేరుకి దిగాడు. పొద్దున్నుంచి గోడవతల పాట మొదలవుతుంది, ఆగుతుంది, మొదలవుతుంది. ఆగిపోయిందని కళ్ళు మూసుకుంటే చాలు, మొదలు! నేను పళ్ళు బిగించి వారం ఓర్చుకున్నాను. ఇక లాభం లేదని ఒకరోజు చెప్పులేసుకుని బయల్దేరాను. ముఖం మీదే చెప్పేద్దామనుకున్నాను. బాబూ, నీ పెట్టె పనికిరానిది, నువ్వు కొనేటప్పుడు చూసుకోలేదు, మీ నాన్నగారి మాట ఆ పెట్టె మింగేసింది, ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది అని. నాలుగు వాక్యాలూ దారిలో రెండుసార్లు వల్లించుకున్నాను. దారంటే ఎంత, మా గేటు నుంచి వాళ్ళ గేటుకి.

నా తప్పల్లా ఒంటిగంటకి వెళ్ళడం.

"వేళకొచ్చేరు అన్నయ్యగారూ, కూర్చోండి" అన్నారు సువార్తమ్మగారు. రొయ్యలూ మునక్కాడల కూర. మామిడికాయ పప్పు. మూడోసారి వడ్డించేసరికి నా నాలుగు వాక్యాల్లో ఒక్కటీ మిగల్లేదు.

దీపక్ మాత్రం మారిపోయాడు. "ఇది అమ్మేద్దామనుకుంటున్నాను బాబాయిగారూ. ఆపు బటన్ పనిచెయ్యదని వచ్చినోళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. ఎవరూ కొనట్లేదు. ఇది పోతే కొత్తపేట వెళ్ళి సాయిదుర్గగారిది తెచ్చుకుందును" అన్నాడు.

"ఈడికి అమ్మడం చేతకాదండి" అన్నారు సువార్తమ్మగారు, నా ఆకులో పెరుగు పోస్తూ. "వచ్చినోళ్ళకి అన్నం పెట్టకుండా ముందే చెప్పేత్తాడు."

పక్క గదిలో లాజరు మాస్టారు పేపరు తిప్పారు. నేను తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నాను. తల ఎత్తేసరికి నా నోటి వెంట వచ్చిన మాట ఇది: "అమ్మడమెందుకు బాబూ, నేనే తీసుకుంటాను. బాగుంది."

పాఠక మహాశయులారా, అంచేత ఆ కంట్రోలరు ఇప్పుడు మా హాల్లో టీవీ పక్కన ఉంది. దీపాలన్నీ వెలుగుతాయి. దీపక్ కొత్తపేట పెట్టె తెచ్చుకున్నాడు. దాన్ని ఒక్కసారి నొక్కితే పాట ఠక్కున ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ నేను గోడ దగ్గర చెవి పెడతాను, మాస్టారు ఏమైనా అంటారేమోనని. ఆయన ఏమీ అనరు.

వాడేసిన కంట్రోలరుని ఇంతగా పొగడటంలో నాకేం స్వార్థం లేదని ఈపాటికి గ్రహించే ఉంటారు. కొనదలుచుకున్నవారు మలికిపురంలో లాజరు మాస్టారి పక్కిల్లని అడగండి, ఎవరైనా చూపిస్తారు. మా ఆవిడ సత్యవేణి గుత్తొంకాయ చేస్తే దానికి తిరుగులేదు. ఒంటిగంటకి రండి. ఒక్కటే మనవి, దయచేసి ఇంటి దగ్గర భోంచేసి రాకండి.