షెహజాది నెట్టితే మనకే మేలు!

మనుషుల్ని గోడకు నెట్టే పెయ్యదూడ ప్రతి వీధికీ ఒకటి ఉండి తీరాలని నా అభిప్రాయం. నవ్వకండి. నేను డిగ్రీ చదివినవాణ్ణి. మా వంశంలో మొదటివాణ్ణి. ఆలోచించకుండా ఏదీ అనను.

బోయిగూడలో మా అపార్ట్‌మెంటు గేటు పక్కనే రసూల్ బీ అమ్మ కొట్టం. ఆమెకున్నవి ఒక ముసలి ఆవు, దాని కూతురు షెహజాది. ఆవు వట్టిపోయింది. షెహజాదికి ఏడాదిన్నర. అది ఎదిగి ఈనితే తప్ప ఆ ఇంట్లో మళ్లీ పాలమ్మేది లేదు. షెహజాదికి ఆ చింతేమీ లేదు. కనబడ్డవారి పొట్టలో తల పెట్టి గోడదాకా తోసుకుపోతుంది.

ఎంత మేలో చూడండి!

మా అసోసియేషన్ ప్రెసిడెంటు రామ్మోహనరావు గారిని రోజూ కాస్త నడవమని డాక్టరు రెండేళ్లుగా మొత్తుకుంటున్నా ఆయన కారు దిగలేదు. దిగిన ఒక్కరోజున షెహజాది ఏకంగా పరుగెత్తించింది! అదీ ఫీజు లేకుండా! మా వీధిలో ఇప్పుడు ఫోన్ చూస్తూ నడిచేవాడు ఒక్కడూ లేడు. అందరూ తలలెత్తి, నాలుగు వైపులా చూసుకుంటూ నడుస్తున్నారు. ఇంత శ్రద్ధ మన క్లాసురూముల్లో ఎప్పుడైనా చూశామా?

ఇక సమానత్వం. ప్రెసిడెంటు గారినీ వాచ్‌మన్ జీవరాజునూ ఒకే బలంతో నెడుతుంది. మా అపార్ట్‌మెంటులో వాళ్లిద్దరినీ ఒకేలా చూసే ప్రాణి ఇదొక్కటే.

మొన్న బేగంపేటలో మా ఆఫీసువాళ్లు ఒక ట్రైనర్ని పిలిపించి రెండు రోజులు క్లాసు చెప్పించారు. ఎదుటివాడు జరిగేదాకా మీరు జరగకండి అన్నది దాని సారాంశం. ఆయన స్లైడ్లలో చూపించింది షెహజాది ప్రాక్టికల్‌గా చూపిస్తుంది. ఆ క్లాసు బాగా వంటబట్టినవాడికి మా ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. షెహజాదికి నోటీసు వచ్చింది.

అవును, మా అసోసియేషన్ నోటీసే. పదిహేను రోజుల్లో పెయ్యను వీధి నుంచి పంపించెయ్యాలని. రాసింది నేనే! చదువుకున్నవాణ్ణి కదా అని నాకప్పగించారు. "సదరు పశువు పౌరుల ఉదరభాగములయందు కలిగించుచున్న అసౌకర్యము" అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపాను. భాష బ్రహ్మాండంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

పట్టుకెళ్లి ఇస్తే, చదివి వినిపించమంది రసూల్ బీ అమ్మ. వినిపించాను.

"ఏందీ బిడ్డా ఇది? ఒక్క ముక్క సమజ్ కాలే."

"పెయ్యను పంపించెయ్యమని, అమ్మా."

"ఆ ఒక్క మాటకు గిన్ని కాయితాలా!" అని, చేతిలో గడ్డి కింద పెట్టింది. "దానికి నెట్టుడు నేను నేర్పిన్నా? మీ కల్పలతమ్మ శుక్రారం శుక్రారం వచ్చి దాని నుదురుకు పసుపు రుద్దుతది. అది నెడితే దీవిస్తున్నదని అరటిపండు పెడ్తది. జెరెమియా మాస్టరు సుత చర్చి నుంచి వచ్చుకుంట బన్ను తెచ్చి పెట్టి, నుదురే గోకుతడు. నుదురు ముట్టకుండ్రి, మెడ కింద గోకుండ్రి అని ఎంత చెప్పిన? ఎవరన్న ఇన్నరా? ఇప్పుడు తక్లీఫ్ అయితున్నదంట!"

ఎవరూ వినలేదు. నిజమే. అయితే ఒకడికి ఆ మాట వినాల్సిన అవసరమే లేదు. ముందే తెలుసు.

ఆ ఒకడు నేనే. మా నాన్న ఊళ్లో పరాయివాళ్ల పశువులు కాసి నన్ను చదివించాడు. దూడ నుదురు గోకితే అది తలతో నెట్టి ఆడటానికి మరుగుతుందని, నెట్టినప్పుడు తిండి పెడితే నెట్టడమే తన ఉద్యోగమనుకుంటుందని నాకు ఏడో ఏటే తెలుసు. అపార్ట్‌మెంటులో చెప్పానా? లేదు. నీకెలా తెలుసని అడిగితే? డిగ్రీకి పేడ అంటుకుంటే?

మర్నాటి నుంచి ఆఫీసుకు ముందు అరగంట కొట్టంలో గడిపాను. చేత్తో తిండి బంద్, ఏదైనా తొట్టిలోనే. అది నెట్టడానికి వస్తే పారిపోకూడదు, కొట్టకూడదు. రొమ్ముకు కర్ర ఆనించి, "ఎనక్కి" అనాలి. ఒక్క అడుగు వెనక్కి వేసిందా, మెడ కింద గోకాలి. మా నాన్న చేసింది ఇంతే.

మొదటిరోజే నన్ను ఎత్తి గడ్డిలో పడేసింది. "ఓ జీవరాజూ! డిగ్రీ కింద పడ్డది, జెర లేపు!" అని రసూల్ బీ అమ్మ వీధంతా వినబడేలా అరిచింది. నేను పశువుల కాపరి కొడుకునని ఆ పూటే అందరికీ తెలిసిపోయింది. చిత్రం, డిగ్రీకి ఏమీ కాలేదు!

వారానికల్లా షెహజాది దారికొచ్చింది. కల్పలత గారికే ఇంకా టైము పట్టింది. ఆమె చెయ్యి నుదురు వైపు వెళ్లినప్పుడల్లా "ఎనక్కి" అనాల్సి వచ్చేది.

పదిహేనో రోజు పొద్దున, పెయ్య మారిందో లేదో చూడటానికి అసోసియేషన్ కమిటీ గేటు దగ్గర చేరింది. రసూల్ బీ అమ్మ పెదవుల్లోనే దువా చదువుకుంటూ తాడు వదిలింది. షెహజాది తిన్నగా జెరెమియా మాస్టరు పొట్ట వైపే నడిచింది! ఆయన కళ్లు మూసుకుని, పాత క్లాసురూము గొంతుతో "ఎనక్కి!" అన్నారు.

షెహజాది ఆగింది. రెండడుగులు వెనక్కి వేసింది.

నోటీసు రద్దని అందరూ చేతులెత్తారు. రసూల్ బీ అమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, ఆ రెండు పేజీలూ నా జేబులో కుక్కింది. "ఉంచుకో బిడ్డా. భాష మంచిగున్నదంట కదా."

అంతలో వెనక నుంచి హారన్! కమిటీకి రాని ప్రెసిడెంటు గారి కారు. బంపరు రసూల్ బీ అమ్మ మోకాలికి ఆనేదాకా తెచ్చి, "జరగండి, జరగండి!" అంటున్నారు ఆయన. నేను కదలకుండా నిలబడి, బానెట్‌కు కర్ర ఆనించి, "ఎనక్కి" అన్నాను. హారన్ ఇంకా పెరిగింది. చివరికి షెహజాదే పక్కకు తప్పుకుని ఆయనకు దారిచ్చింది.

పాపం, చిన్నప్పుడు ఆయన నుదురు ఎవరు గోకారో!